గొళ్ళెంతో అమ్మిన డీప్ ఫ్రీజర్

మూడేళ్ల కిందట వేసవిలో మా హోటల్ సంస్థ నన్ను అనంతపురం దగ్గర రోడ్డు పక్కనున్న ఒక బార్ అండ్ రెస్టారెంటుకు పంపింది. దాన్ని మూసేస్తున్నారు. నేను స్టోర్స్ ఆఫీసర్‌ని. స్టోర్‌కీపర్ సామాను చూపిస్తాడు, ఏది పనికొస్తుందో ఏది తుక్కో నేను తేలుస్తాను, మేనేజరు అమ్ముతాడు. గేట్ పాస్ మీద నా సంతకం లేకుండా గరిటె కూడా బయటికి పోకూడదు. అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. తనను మా అమ్మ దగ్గర వదిలి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. పాప నిద్రపోయాక రాస్తున్నాను, కోపం మాత్రం ఇంకా నిద్రపోలేదు.

హోటల్ సామాను ఇళ్లలో ఎలా మారిపోతుందో చూడటం నాకు ఇష్టమే. కూరలు వేడిగా ఉంచే స్టీలు తొట్టిని మడకశిర వైపు నుంచి వచ్చిన ఒకాయన గొర్రెలకు నీళ్లు పెట్టుకోడానికి తీసుకుపోయినాడు. గాజు తలుపుల బీరు కూలరు ఒక టైలరింటికి బట్టల బీరువాగా వెళ్లింది. చెడిపోయిన డీప్ ఫ్రీజర్‌ను అడిగింది ఓబులమ్మ. విడపనకల్లు దగ్గర పల్లెలో మెట్ట సేద్యం ఆమెది. వేరుశనగ విత్తనం దాచుకోడానికట.

ఆ ఫ్రీజర్‌కు ఒక చిక్కుంది. పనివాళ్లు మాంసం ఎత్తుకుపోతారని మూతకు స్ప్రింగు గొళ్ళెం పెట్టించారు. మూత పడితే గొళ్ళెం దానంతటదే పడుతుంది. ఆడుకుంటూ పిల్లలెవరైనా దూరితే లోపలి నుంచి తీయడం వాళ్ల వల్ల కాదు, గాలీ ఆడదు. అలాంటిది ఇంటి వాడకానికి పోతుంటే ముందు గొళ్ళెం ఊడదీయాలని మా సంస్థ రాసి పెట్టిన నిబంధనే ఉంది. నేను కనిపెట్టింది కాదు.

ఓబులమ్మ ఒప్పుకోలేదు. "గోనె సంచులను ఎలకలు బతకనిస్తాయామ్మా? మూత గట్టిగా పడల్లనే కదా ఇంత దూరం వచ్చింది," అంది. రబ్బరు అంచు పట్టు, మూత బరువు చాలు, ఎలుక ఎత్తలేదని చెప్పాను. ఆమె నమ్మలేదు. మేనేజరు మధ్యలోకి వచ్చాడు.

"ఏమమ్మా, నీకు పసిబిడ్డ ఉండాది కాబట్టి యాడ చూసినా అదే కనపడతాది. ఈడికి మనం వచ్చింది పని చేసేకి, భయపడేకి కాదు."

స్టోర్‌కీపర్ నవ్వాడు. నేను సంతకం పెట్టలేదు. మర్నాడు పాపకు టీకా వేయించాలని సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి ఫ్రీజర్ లేదు. గేట్ పాస్ మీద నేను సంతకం పెట్టాల్సిన గడిలో మేనేజరు సంతకం ఉంది. అడిగితే, ఆమె తొందర పడింది, ఆటో వచ్చి నిలబడింది అన్నాడు. గొళ్ళెం తీయడానికి పట్టేది ఆటో డ్రైవరు బీడీ తాగేంత సేపు. అది కూడా చేయలేదు.

ఆదివారం స్పానరు సంచిలో వేసుకుని విడపనకల్లు బస్సెక్కాను. ఓబులమ్మ నన్ను చూసి, వెనక్కి తీసుకుపోయేకి వచ్చినావా ఏమి అని అడిగింది. కాదు, పిల్లలు లోపల చిక్కుకోకుండా గొళ్ళెం తీయడానికి అన్నాక మజ్జిగ ఇచ్చింది. నడవలో ఫ్రీజర్, దాంట్లో జానెడు వెలితిగా వేరుశనగ కాయలు. "నిండా విత్తనం ఉండాది. ఇంగ పిల్ల యాడ దూరుతుందమ్మా దీంట్లో?" అంది.

విత్తిన తరువాతో అని అడిగాను. వాన పడిన రోజు ఇంట్లో ఎవరుంటారని కూడా అడిగాను. వాన పడితే అందరం చేన్లోనే అంది. పక్కన నాలుగేళ్ల మనవరాలు మూత మీద చేతులతో దరువేస్తోంది. ఓబులమ్మ ఆ పిల్ల జుట్టు సవరిస్తూ నవ్వింది. "ఇది ఎప్పుడు ఖాళీ అయితాదా అని కాచుకోనుండాది ఈ దొంగది. దీంట్లో దాక్కుంటే ఎవురికీ దొరకదంట."

 నా ఫోనులో అలారం గట్టిగా మోగించి కాయల మీద పెట్టి మూత వేశాను. గొళ్ళెం టక్కున పడింది. వాకిట్లోకి వచ్చి వినమన్నాను. ఆమె వచ్చి నిలబడింది. వీధిలో కోడి గొంతు తప్ప ఏమీ లేదు. వెనక్కి పోయి ఫ్రీజర్ పక్కన నిలబడింది. చివరికి మూతకు చెవి ఆనించింది. అప్పుడు గానీ లోపలి అలారం సన్నగా వినపడలేదంది.

"పిల్లను అవతలికి తీసుకుపోండి," అని ఇంట్లోకి కేకేసింది. తరువాత నా వైపు చెయ్యి చాపింది. "ఆ స్పానరు ఈడియ్యి."

బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. ఇద్దరం కలిసి ఊడదీశాం. ఆమె చెయ్యి కాయల మీద పెట్టించి, మూత దించి, లోపలి నుంచి ఆమెతోనే తోయించాను; మూత సులువుగా లేచింది.

సోమవారం ఆ గొళ్ళేన్ని మేనేజరు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పి, పై ఆఫీసుకు కూడా రాశాను. కొనుక్కున్న వాళ్ల నుంచి ఫిర్యాదు ఏదీ రాలేదని జవాబు వచ్చింది. ఫిర్యాదు ఎవరు చేయాలని వాళ్ల ఉద్దేశమో రాయలేదు. మేనేజరు గొళ్ళేన్ని తుక్కులో వేయమన్నాడు.

పాత సామాను ఇంటికి ఇచ్చేటప్పుడు అది ఖాళీ అయిన రోజు ఇంట్లో ఎవరుంటారో అడగాలి. ఇది స్టోర్స్ ఆఫీసరు పని. తల్లి భయం అని పేరు పెట్టి ఈ పని తప్పించుకున్న వాళ్లను నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.