మేజర్ సాబ్ నా మీద చెప్పిన అబద్ధం

మేజర్ సాబ్ పోయారన్న కబురు మొదట నాకు పాలు పోసే అతను చెప్పాడు. "పండుకున్నాయన లేవలేదట అన్నా" అన్నాడు. నేను నమ్మలేదు. ముందురోజు పొద్దునే కదా, నా ఉప్మా వైపు వేలు చూపించి "గిది తింటే శత్రువు లొంగిపోతడు తమ్మీ" అని పదిమందిని నవ్వించి వెళ్లింది! పొయ్యి ఆర్పేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లింటికి పరుగెత్తాను. నిజమే.

వరంగల్ స్టేషన్ రోడ్డులో నాది చిన్న హోటల్. అంతకుముందు సైన్యంలో వంటవాణ్ని. మాది తొర్రూరు పక్క పల్లె, సాబ్‌ది వరంగల్. ఆయన మా కంపెనీ కమాండర్. కంపెనీ మొత్తంలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే, కాబట్టి తెలుగు తిట్లన్నీ నాకే దక్కేవి. నోరారా తిట్టుకోవడానికి ఆయనకు మాత్రం ఇంకెవరున్నారు పాపం!

సాబ్‌కి ఒక పట్టింపు ఉండేది. "ముందు నడిచేటోడు ఆఖర్న తినాలె" అనేవారు. చివరి జవాను పళ్లెం కడిగేదాకా తాను ముద్ద ముట్టేవారు కాదు. రిటైరై వచ్చాక నా హోటల్లోనూ అదే తంతు. ఎవరు లోపలికి వస్తే వాళ్ల ముందుకు తన ఇడ్లీ ప్లేటు జరిపేవారు. రైలు దిగిన జనం ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారాయె, పది గంటలైనా ఆయనకు టిఫిన్ అందేది కాదు. "సాబ్, ఇది హోటలు. జనం వత్తనే ఉంటరు, జర తినుండ్రి" అని మొత్తుకున్నా వినలేదు. చివరికి తలుపుకు అడ్డంగా నేనే నిలబడి, ఆయన నాలుగు తునకలు మింగాకే జనాన్ని వదిలేవాణ్ని.

తినడం అయ్యాక కథ మొదలు. "ఈ చాయ్ పోసేటోన్ని జూసిండ్రా? డెబ్బయ్యొకటి లడాయిల ముప్పై మందికి రొట్టెలు మోసుకొని తూటాల నడుమ ఒక్కడే నడిచొచ్చిండు" అనేవారు. ఆ కథ పుణ్యమా అని ఊరు నన్ను 'బహాదూర్' అని పిలుస్తోంది. నేను తల వంచుకుని గ్లాసులు కడిగేవాణ్ని. అందరూ దాన్ని వినయం అనుకునేవారు.

అసలు జరిగింది వేరు. తూర్పు సరిహద్దులో కాలువ గట్టు చాటున, కందకాల్లో, సాబ్ ముప్పై మందితో చిక్కుకుపోయారు. రెండు రోజులుగా తిండి లేదు. నేను రొట్టెల మూట నెత్తిన పెట్టుకుని, సాబ్ కోసం ప్రత్యేకంగా చేసిన పచ్చిపులుసు డబ్బా వీపుకు కట్టుకుని, మిట్టమధ్యాహ్నం కోసిన వరిమళ్లకు అడ్డంపడి బయల్దేరాను. సగం దూరం పోయానో లేదో మెషిన్‌గన్ మోగింది. బోర్లా పడ్డాను. వీపంతా తడి, మంట. చెయ్యి పెట్టి చూసుకుంటే ఎర్రగా ఉంది. "అవ్వా! నీ కొడుకు సచ్చిండే!" అని బొబ్బ పెట్టి, ఇక కదల్లేదు.

ఎంతసేపయిందో తెలియదు. వంగి పరుగెత్తుకుంటూ వచ్చి ఎవరో పక్కన పడ్డారు. సాబ్! నా వీపు మీద వేలు రాసి నాలుక్కి తగిలించుకున్నారు.

"ఓరి నీ! ఇది నెత్తురు గాదుర, పచ్చిపులుసు. ఉప్పు గూడ తక్కువేసినవ్. లే!"

మూట తన భుజాన వేసుకుని, నన్ను కాలర్ పట్టి ఈడ్చుకుపోయారు. గట్టు చేరగానే మూట మళ్లీ నా నెత్తిన పెట్టి, తూటాలకు కందకాల్లోంచి తలెత్తని జవాన్లతో మా వంటవాడు ఒంటరిగా వచ్చాడని హిందీలో చెప్పేశారు. నేను నోరు తెరవబోతే "నేను బతికున్నన్ని రోజులు చెప్పినవంటే తోలు తీస్త. వంటోనికి ఎవడు సలాం గొడతడు? ఒక్కపాలి కొట్టనియ్యి" అన్నారు. ముప్పై మందీ నోట్లో రొట్టెలతోనే నాకు సలాం చేశారు.

అందరూ తిన్నాక మిగిలిన ముక్క తిని, ఆ సాయంత్రం సాబ్ గట్టు దాటి శత్రువు వైపు దిగారు. అటువైపు పొలమంతా మందుపాతరలు. "నా అడుగుల్లనే అడుగెయ్యుండ్రి" అంటూ తాను ముందు నడిచారు. ఆ మెషిన్‌గన్‌ను పట్టుకున్నారు. సాబ్‌కి పతకం వచ్చింది అందుకే.

పదకొండో రోజున వాళ్లింట్లో జనమంతా కూర్చున్నప్పుడు ఎవరో "బహాదూరన్నా, గా రొట్టెల ముచ్చట నువ్వే చెప్పు" అన్నారు. ఇన్నేళ్లు ఆయన నీడన మోసిన అబద్ధం, ఆయన పోయిన ఇంట్లో ఎలా మోయను? రేపటినుంచి నా హోటల్ మెట్టు ఎవరూ ఎక్కకపోయినా సరేననుకుని లేచి నిలబడ్డాను. పచ్చిపులుసు, బొబ్బ, కాలర్, అన్నీ చెప్పేశాను. నా మొహం మాడిపోయింది.

అప్పుడు సాబ్ భార్య నవ్వారు. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో, నిజంగా నవ్వారు.

"నాకెర్కే అన్నా. ఆయన నీకు చెప్పనిది ఇంకోటున్నది. ఆనాడు పొద్దటిసంది గట్టు దాటుమని హుకుం వత్తనే ఉన్నదట, ఈయనకు కాళ్లు లేవలేదట. చేతులు వణుకుడు జవాన్లకు కనవడకుంట తొడల కింద పెట్టుకొని కూసున్నడట. నువ్వు పొలంల వడి 'అవ్వా' అని తెలుగుల మొత్తుకుంటే తెల్వకుంటనే లేసి ఉరికిండట. 'వాడు ఏడ్వకుంటే నేను లేవకపోదును' అనేటోడు. నిన్ను ఉత్తగ బహాదూర్ అనలేదన్నా."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నన్ను కాలర్ పట్టి ఈడ్చిన చెయ్యి అంతకుముందే వణికి వణికి ఉందని నాకేం తెలుసు! నన్ను తిడుతూ ఆయన తనను తాను లేపుకుంటున్నారని నాకేం తెలుసు!

మర్నాడు హోటల్ తెరిచాను. జనం తగ్గలేదు, ఇంకా ఎక్కువే వచ్చారు. "నిన్నటి ముచ్చట మల్లొక్కసారి చెప్పు" అని కూర్చున్నారు. "ఇద్దరు భయపడ్డోళ్లు ఉండిరి" అని మొదలుపెట్టాను. మధ్యలో ఎన్నిసార్లు నవ్వారో లెక్కలేదు. చెప్పడం అయ్యాక చూస్తే ఒక్కరూ చాయ్ ముట్టలేదు. బల్లల నిండా గ్లాసులు, ప్రతి గ్లాసు మీదా మీగడ కట్టి ఉంది.