మంజుల చేత అడిగించిన సంతకం

గర్భస్రావ చట్టాన్ని సవరించిన రెండేళ్లకు, వేసవి ముందర, నన్ను తమిళనాడులో కృష్ణగిరి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ప్రసూతి విభాగం పెద్దగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఎవరి నోళ్లలోనూ పడకుండా ఇల్లు చేరితే చాలనుకునే రోజులవి.

కొత్త చట్టం ప్రకారం ఇరవై వారాల వరకు ఒక డాక్టరు, ఇరవై నాలుగు వరకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చాలు. ఆ రెండో గడువు అందరికీ కాదు; గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లకు ఉంది. ఇరవై నాలుగు దాటితే పిండంలో పెద్ద లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి, లేదా కోర్టుకు పోవాలి. సంతకం మాత్రం ఆ స్త్రీది ఒక్కటే. ఇంటివాళ్ల ఒప్పుదల, రుజువు పత్రాలు అడగవద్దని సుప్రీంకోర్టు కూడా అప్పటికే చెప్పింది. దానిమీద టీవీల్లో వాదించుకున్నారు, మా టీ గదిలోనూ వాదించుకున్నాం. తీర్పు బాగుందని అందరికంటే గట్టిగా అన్నది నేనే.

మంజుల సూళగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చింది. వ్యాను నడిపే భర్త హైవేలో లారీ గుద్ది పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. తనకు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. భర్త పోయిన మనిషి మూడు నెలలు గడప దాటకూడదని అత్తగారింట్లో పట్టుబట్టడంతో రావడం ఆలస్యమైంది. స్కానింగులో ఇరవై మూడు వారాల ఒక రోజు.

"ఉండే ఇద్దర్ని సాకేదే కష్టం డాక్టరమ్మా. నేను పనికి పోకుంటే వాళ్లకు కూడు యాడిది? నాకిది వద్దని చెప్పేదానికే వచ్చినాను" అంది. నేను మరణ ధ్రువపత్రం, అత్తగారి సంతకం తెమ్మన్నాను.

"నా ఒళ్లుకి ఆయమ్మ సంతకం ఎందుకమ్మా?"

పద్ధతి అన్నాను. అబద్ధం. రేపు అత్తవారు వచ్చి గొడవ చేస్తే చూపించడానికి నాకొక కాగితం కావాలి, అంతే.

అత్త సంతకం పెట్టలేదు. "నా కొడుకుది మిగిలినది అదొక్కటే కదమ్మా, నేనెట్ల పెట్టేది?" అని మా నర్సుతో ఫోనులో ఏడ్చిందట. ఆమె దుఃఖాన్ని తప్పు పట్టలేను. ఆ దుఃఖం దగ్గరికి మంజులను పంపింది నేను. మరణ పత్రం ఒక్కటే పట్టుకుని ఆమె పదో రోజున తిరిగి వచ్చేసరికి ఇరవై నాలుగు వారాల నాలుగు రోజులు.

ఉచిత న్యాయ సహాయం కింద ఒక లాయరు చెన్నైలో హైకోర్టుకు వెళ్లారు. కోర్టు బోర్డు నివేదిక అడిగింది. బోర్డులో ప్రసూతి వైద్యురాలిని నేనే. పిండంలో లోపం లేదు. ఉన్నదే రాసి సంతకం పెట్టాను. ఆలస్యం ఎందుకైందో రాసే గడి ఆ ఫారంలో లేదు, నేనూ విడిగా రాయలేదు. పిటిషను కొట్టేశారు.

కాన్పు మా దగ్గరే అయింది. మగపిల్లవాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. అత్త బిడ్డను ఎత్తుకుని నాకు దండం పెట్టింది. మంజుల గోడవైపు తిరిగి పడుకుంది. ఫ్యాక్టరీవాళ్లు అప్పటికే ఆమె పనిలో మరొకరిని పెట్టుకున్నారు. తప్పు నాదని ఆమెతో చెప్పాను. "ఇప్పుడు చెప్తే ఏమొచ్చేది డాక్టరమ్మా" అంది.

మిగిలిన సర్వీసులో ఏ స్త్రీనీ రెండో సంతకం అడగలేదు. కొత్తగా వచ్చే డాక్టర్లకు నేను చెప్పేది ఇదే: చట్టం అడగని కాగితం మీరు అడిగితే, దానికి పట్టే రోజులు ఆమె గడువులోంచే పోతాయి. మంజుల గడువులో పోయిన ఆ పది రోజులూ నేను తీసుకున్నవి.