పూటకూళ్ల ఇంటి బోర్డు దగ్గర

మొన్న మా అమ్మాయి కొత్త కారు తెచ్చుకుంటే నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాను. "మామ్, నైబర్స్ చూస్తున్నారు!" అని సిగ్గుపడుతూనే కారు ముందుకు కదిలించింది. నిమ్మకాయలు చిట్లి, ఎండకు కాగిన తారు మీద ఆ పుల్లటి వాసన గుప్పుమంది. అంతే, మా సుభద్రక్క వచ్చి నా పక్కన నిలబడినట్టయింది.

సుభద్రక్క నాకు చుట్టం కాదు. గుంటూరులో మెడిసిన్ చదివి, అరవైల చివర్లో అమెరికా వచ్చి, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో మా వీధి చివర ఒంటరిగా ఉండే మత్తు డాక్టరు. డెబ్బైల చివర్లో నేను కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే ఓ ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడికి బస్సు లేదు. నెలాఖరులోగా డ్రైవింగ్ రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. మా ఆయన నేర్పబోయి మొదటి రోజే అరిచారు. రెండో రోజు నేను కారెక్కితే ఒట్టు. సంగతి తెలిసి అక్క పడీపడీ నవ్వింది. "మొగుడి దగ్గర డ్రైవింగూ, అత్తగారి దగ్గర సంగీతమూ నేర్చుకోకూడదే పిచ్చిదానా. రా, నా బండెక్కు."

వర్జీనియా రోడ్ల పక్కన ఇనుప స్తంభాల మీద వెండిరంగు బోర్డులుంటాయి. ఫలానా చోట పూర్వం పిండిమర ఉండేది, రేవు ఉండేది అని నల్లటి అక్షరాల్లో పోతపోసి ఉంటుంది. అక్కకు వాటి పిచ్చి. పాఠమంతా వాటితోనే. బోర్డు కనబడగానే సిగ్నల్ వేసి, రోడ్డు దిగి, కారాపి చదవాలి. చదివింది తెలుగులో చెప్పాలి. ఆ తర్వాత అద్దాలు చూసుకుని మళ్లీ రోడ్డెక్కాలి. ఇంగ్లీషులో అప్పజెబితే ఊరుకునేది కాదు.

"ఇక్కడ టావెర్న్ ఉండేదట అక్కా," అన్నాను ఒకరోజు.

"అంటే?"

"సారా కొట్టు."

"ఓసి నీ అసాధ్యం కూలా! రోజుల తరబడి గుర్రబ్బళ్లలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాళ్లు ఎక్కడ తింటారు, ఎక్కడ పడుకుంటారు? పూటకూళ్ల ఇల్లు అను."

ఎదురుగా ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు. కానీ అక్క ఆ మాట అనగానే నాకు పొయ్యి మీద కాగే ఎసరూ, గరిటె పట్టుకుని బళ్లవాళ్లను కసిరే ఒక లావుపాటి తెల్లావిడా కనబడ్డారు. ఈ దేశం మీద నాకు కాస్త మనసు కుదిరింది ఆవేళే.

ఆగడం నాకు సులువే. మళ్లీ రోడ్డెక్కడమే చావు. ఆరోజు పక్కనుంచి లారీలు రయ్యిమని పోతుంటే బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. "నా వల్ల కాదక్కా, ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు," అని స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చేశాను. అక్క ఓదార్చలేదు. సంచిలోంచి పులిహోర డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. "పూటకూళ్ల ఇంటికొచ్చి తినకుండా ఏడుస్తారటే? తిను." తిన్నాక అంది: "ఇక్కడ దిగినవాళ్లెవరూ ఇక్కడే ఉండిపోలేదు. తిన్నారు, పడుకున్నారు, తెల్లారగానే బండి కట్టారు. నువ్వూ కట్టు."

ఎలా కట్టానో తెలియదు గానీ, కట్టాను.

లైసెన్సు వచ్చిన రోజు నిమ్మకాయలూ కొబ్బరికాయా పట్టుకుని అక్కడికే వెళ్లాం. అప్పటికి మాకు దగ్గర్లో గుడి లేదు. ఓ రాయి మీద అక్క ఠపీమని కొబ్బరికాయ కొట్టడం, పోలీసు కారు వచ్చి ఆగడం ఒకేసారి జరిగాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "న్యూ డ్రైవర్, ఆఫీసర్. రోడ్డుకు దణ్ణం పెట్టుకుంటున్నాం," అని అక్క దర్జాగా ఇంగ్లీషులో చెప్పి, ఆయన చేతిలో ఓ కొబ్బరిచిప్ప పెట్టింది. ఆయన చిప్పనూ, నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత తన కారు లైట్లు వేసి, మేం నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కేదాకా వెనక వచ్చే బళ్లను ఆపాడు. సోమవారం నేను ఉద్యోగంలో చేరాను.

ఎనభైల చివరికి అక్క చూపు మందగించింది. ఎవరూ అడక్కముందే కారు తాళాలు నా చేతిలో పెట్టేసింది. ఆదివారాలు నేనే తిప్పేదాన్ని. బోర్డు వచ్చినప్పుడల్లా ఆపి, చదివి వినిపించేదాన్ని. ఒక ఆదివారం పూటకూళ్ల ఇంటి దగ్గర ఆపేసరికి స్తంభం లేదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పొదలన్నీ కొట్టేసి ఎర్రమట్టి తవ్వి పోశారు.

"చదవవేం?" అంది అక్క.

"బోర్డు పీకేశారక్కా."

"పీకితే పీకారు. నీకు నోటికి రాదా?" అంది.

"ఇక్కడ పూర్వం ఒక పూటకూళ్ల ఇల్లు ఉండేది," అని మొదలుపెట్టాను. "తర్వాత చాలా కాలానికి ఒక పిరికిది ఇక్కడ ఆగి ఏడ్చింది. ఒకావిడ పులిహోర పెట్టింది."

"ఆ తర్వాత?" అక్క కళ్లు మూసుకుని నవ్వుతోంది.

"బండి కట్టింది."

"మరి కట్టు, పొద్దుపోతోంది."

అక్క పోయి ఎన్నో ఏళ్లయింది. ఆవిడ లేని లోటు నాకు ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ తెలుస్తుంది. మొన్న నిమ్మకాయలు తొక్కించాక, మా అమ్మాయి పక్కన కూర్చుని ఆ దారినే పోనిమ్మన్నాను. ఇప్పుడక్కడ పెద్ద రోడ్డూ, ఒక మందుల షాపూ ఉన్నాయి.

"ఇక్కడ ఆపు."

"ఇక్కడేం లేదు కదా, మామ్?"

"ఉంది. ముందు సిగ్నల్ వెయ్యి, చెప్తాను."