క్రేనత్త పుస్తకం ఏ అరలో ఉండాలి

మధ్యాహ్నం పూట షెడ్డు రేకుల సందులోంచి ఎండ పడి కింద పనిచేసేవాళ్ల కళ్లలో కొడుతోందని, మా అత్త ఒకరోజు సూర్యుణ్ణి క్రేను కొక్కేనికి తగిలించి జానెడు పక్కకు జరిపింది. నమ్మనివాళ్లు తలెత్తి చూసుకోవచ్చు. అప్పట్నుంచే మా వీధిలో నీడ కాస్త ఆలస్యంగా పడుతోంది.

ఈ సంగతి ఆమె రాసిన పుస్తకంలో లేదు. నేను చేర్చాను, ఆమె కొట్టేసింది. ఆమె ఆత్మకథను టైపు చేసింది నేనే మరి. కాలేజీ నన్ను భరించలేక సాగనంపిందని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు గానీ, అసలు జరిగింది వేరు: నాకు నేర్పడానికి వాళ్ల దగ్గర సరుకు అయిపోయింది. ఇప్పుడు జిరాక్సు షాపులో కంప్యూటరు ముందు కూర్చుని జనం దరఖాస్తులు టైపు చేస్తుంటాను. నా చేతి మీదుగా వెళ్లిన దరఖాస్తుకు ఉద్యోగం రాకపోవడమన్నది లేదు, నా సొంత దరఖాస్తులు తప్ప.

అత్త అంటే మా నాన్నకు అక్క. పంపులు తయారుచేసే కార్ఖానాలో క్రేను నడిపేది. షెడ్డు కప్పు కింద ఈ గోడనుంచి ఆ గోడకు పట్టాల మీద క్రేను నడుస్తుంటుంది. దానికి వేలాడుతూ పిచ్చుక గూడంత గాజు కేబిన్ ఉంటుంది. నిట్టనిలువు ఇనప నిచ్చెన ఎక్కి అందులో కూర్చోవాలి. ఆ పని చేసిన ఆడమనిషి మా అత్త ఒక్కతే. మగవాళ్లు మొదట్లో నవ్వారు. ఆమె ఒకడి టీ గ్లాసును కొక్కెంతో ఎత్తి, చుక్క ఒలకకుండా రెండోవాడి చేతికి అందించాక నవ్వడం మానేశారు. (ఇది కూడా కొట్టేసింది.) క్రేనత్త అన్న పేరు అక్కడ పుట్టిందే. ఇంట్లో కూడా అదే స్థిరపడిపోయింది.

మిషన్ల రొదలో పైనున్నవాళ్లకు కింద మాటలు వినిపించవు. అంతా చేతి సైగలే. చూపుడు వేలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు, పిడికిలి బిగిస్తే ఆపు. ఎత్తమని సైగ చేసే హక్కు బరువు తగిలించిన మనిషి ఒక్కడిదే. ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపాల్సిందే, ఊడ్చేవాడు చెప్పినా సరే. అది క్రేను పనిలో మొదటి పాఠం.

టైపు చేస్తూ నేను పుస్తకానికి కాస్త ఉప్పూకారం తగిలించబోయాను. మొదటి ప్రూఫు చూసి అత్త కళ్లజోడు ముక్కు చివరికి దించింది.

"ఒరేయ్, నా షెడ్డులోకి పులి ఎలా వచ్చిందిరా?"

"గేటు తీసి ఉంది కదత్తా."

"వాచ్‌మన్ ఏం చేస్తున్నాడు?"

"వాణ్ణి అంతకుముందు పేజీలోనే తినేసింది."

"పులిని తీసెయ్. వాచ్‌మన్‌ని బతికించు. వాడికి పిల్లలున్నారు."

నేను వేలు పెట్టడానికి జంకింది ఒక్క అధ్యాయంలోనే. అది ఉన్నదున్నట్టు టైపు చేశాను. ఇక్కడ కూడా ఉన్నదున్నట్టే చెబుతాను, ఒట్టు.

ఒకరోజు లారీ ముందు భాగమంత ఇనప దిమ్మెను ఎత్తాల్సి వచ్చింది. కింద ఉన్నది కొక్కెం మామ. ఆయన మాకు చుట్టం కాదు, కొక్కేనికి బరువులు తగిలించే మనిషి గనక షెడ్డంతా అలా పిలిచేది. దిమ్మె నేల విడిచిందో లేదో, ఇనప తాడులో పోగులు తెగి చెదిరిన జుట్టులా లేవడం ఆయన కంటపడింది. పిడికిలి బిగించి చూపించాడు. అత్త ఆపి, దిమ్మెను మళ్లీ నేలకు దించింది. తాడు విప్పడానికి ఆయన దిమ్మె వెనక్కి వెళ్లాడు. బయట సరుకు లారీ హారన్ కొడుతోంది. సూపర్‌వైజరు రుసరుసలాడుతూ నిచ్చెనెక్కి వచ్చి ఎత్తమన్నాడు. అత్త ఎత్తనంది. "అయితే దిగు," అన్నాడు. కొక్కెం మామకు చెబుదామని అత్త గబగబా దిగుతుంటే, నిచ్చెన సగంలో ఉండగానే పైన లీవరు కదిలింది. దిమ్మె లేచింది. తాడు తెగింది. కొక్కెం మామ కుడి పాదం పోయింది.

విచారణలో సూపర్‌వైజరు, క్రేను నడిపింది ఆమే అన్నాడు. కేబిన్‌లో ఆమె కాక ఇంకెవరుంటారని పెద్దలు తలలూపారు. అత్తను బోల్టులు ఏరే స్టోరు గదికి మార్చారు. కొక్కెం మామ దిమ్మె వెనక ఉన్నాడు గనక పైన మనిషి మారడం చూడలేదు. తను ఆపమన్నా ఆమె వినలేదనే నమ్మాడు. అత్త ఆస్పత్రికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ఉద్యోగం మానేసి కూతురి దగ్గర ఉండిపోయాడు. మళ్లీ ఎప్పుడూ అత్తతో మాట్లాడలేదు.

"ఇంటికెళ్లి చెప్పొచ్చు కదత్తా, పుస్తకం దాకా ఎందుకు?" అని అడిగాను.

"ఆయన గడపలో నిలబడి చెబితే సంజాయిషీ చెప్పుకోడానికి వచ్చానంటారు. నేను తప్పు చేయలేదు, సంజాయిషీ ఎందుకు? అందరిముందూ చెప్తా. వినేవాడు వింటాడు."

అలా పుస్తకం అచ్చయింది. పేరు 'కొక్కెం కింద నిలబడకండి'. కార్ఖానా గోడమీద ఉండే హెచ్చరికే అది. కట్టలు స్కూటరు మీద వేసుకుని ఇద్దరం లైబ్రరీల చుట్టూ తిరిగాం. ఆ బరువుకు నా ఎడమ భుజం ఇప్పటికీ కాస్త వంగే ఉంటుంది. అందం పెరిగిందనే అంటున్నారు.

మొదటి లైబ్రరీలో మా సభకు వచ్చింది ఒకే ఒక్కాయన. ఆయనా పేపరు మీద తలపెట్టి నిద్రపోయాడు. అత్త మాత్రం నిండు హాలుకు చదివినట్టు గొంతెత్తి చదివింది. ఆయన లేచి, "బస్సొచ్చిందా?" అన్నాడు. "ఇంకా రాలేదు, కూర్చోండి," అని ఇంకో పేజీ చదివింది. రెండో చోట కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చారు. అందులో ఒకావిడ చివరిదాకా ఆగి మెల్లగా దగ్గరికొచ్చింది.

"అక్కా, తప్పుగా అనుకోకు. అంత పైన అన్ని గంటలు కూర్చుంటే, మరి బాత్రూముకి?"

"పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా ఉండేదాన్ని. మంటతో ఏడ్చిన రోజులున్నాయి."

"మాకూ అంతే. అది రాయలేదేం?"

"రాసి, సిగ్గేసి చింపేశా. నువ్వు అడిగావుగా, మళ్లీ అచ్చేసినప్పుడు పెడతా. సిగ్గు పడాల్సింది నేను కాదు."

ఆవిడ పుస్తకం కొనుక్కుని, అత్త చెయ్యి చాలాసేపు వదల్లేదు. తిరుగు ప్రయాణంలో స్కూటరు నేల మీద నడవలేదు. (దీనికి నేనే సాక్షిని.)

ఇక మా వీధి చివరి లైబ్రరీ. చిన్న మేడ, పై అంతస్తులో పుస్తకాలు, నిటారుగా మెట్లు. అక్కడ అత్త పుస్తకాన్ని తీసుకుని జీవిత చరిత్రల అరలో పెట్టారు. ఎవరైనా తీసుకెళ్లారేమోనని ఆమె రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకొచ్చేది. ఒకరోజు అది అక్కడ లేదు. మురిసిపోతూ వెనక్కి తిరిగింది. తీరా చూస్తే నవలల అరలో ఉంది. వెన్ను మీద 'కల్పితం' అని చీటీ కూడా అంటించారు.

లైబ్రేరియన్ మెత్తని మనిషి. రెండు చెంపల మీదా ఒకేసారి దోమ వాలితే దేన్ని కొట్టాలో తేల్చుకోలేనట్టు ఉంటాడు.

"ఏం బాబూ, నేను నవల రాశానని నీకెవరు చెప్పారు?"

"మా కమిటీ ప్రెసిడెంటుగారు చదివారమ్మా. ఆయన రిటైరవక ముందు మీ కార్ఖానాలోనేనట. అందులో సూపర్‌వైజరు అంటే తనేనట. అలా ఏమీ జరగలేదంటున్నారు."

"నేను పేరు రాయలేదే! జరగని సంగతిలో తనని తను ఎలా గుర్తుపట్టాడు?"

లైబ్రేరియన్ దగ్గాడు. "నవలల్లో ఉంటే మీకే మంచిదమ్మా. అక్కడ పెట్టిన ఒక్కరోజులోనే ఇద్దరు ముగ్గురు తీసి తిరగేశారు. జీవిత చరిత్రల అర ఆ మూల ఎత్తున ఉంటుంది, లైటు కూడా లేదు. సాలీళ్లు తప్ప ఎవరూ రారు."

"సాలీళ్లనే చదవనీ. నిజమనుకుని చదువుతాయి."

"అత్తా," అని చెవిలో గొణిగాను, "నవలైతే పులిని మళ్లీ తెచ్చుకోవచ్చు." నా మోచేతి దగ్గర ఆమె గిల్లిన చోటు ఇంకా ఊదారంగులోనే ఉంది.

ఆ వారం అక్కడే పాఠకుల సమావేశం జరిగింది. ప్రెసిడెంటు హోదాలో సూపర్‌వైజరు లేచి, నవ్వు మొహంతో, "మన పేటలో ఇంత ఊహాశక్తి గల నవలా రచయిత్రి ఉండటం..." అని మొదలెట్టాడు.

అత్త లేచి నిలబడింది. "నేను నవల రాయలేదు."

"ఆగమ్మా, ఆగు," అంటూ ఆయన చెయ్యెత్తాడు.

"ఆపమని ఎవరు చెప్పినా ఆపేది క్రేనుని. ఇది పుస్తకం, ఆగదు. ఆ రోజు కేబిన్‌లో ఎవరున్నారో ఇంతమంది ముందు చెప్పండి."

ఆయన నవ్వు మొహాన అలాగే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"ఎప్పటి సంగతులో తవ్వుకోడం ఎందుకమ్మా? ఇద్దరికీ వయసైపోయింది."

"వయసు ఇద్దరికీ అయింది. పాదం ఒక్కడికే పోయింది."

అని, బల్ల మీదున్న తన పుస్తకం తీసుకుని, మూలకు నడిచి, స్టూలెక్కి జీవిత చరిత్రల మధ్య దూర్చింది. చీటీని గోటితో గీకేసింది కూడా. సభ ఎవరూ ముగించకుండానే ముగిసింది.

ఇక మొదలైంది యుద్ధం. సాయంత్రం లైబ్రేరియన్ పుస్తకాన్ని నవలల్లోకి మార్చి కొత్త చీటీ అంటించేవాడు. పొద్దున్నే అత్త వెళ్లి చీటీ గీకి మూల అరలో పెట్టేది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోలేదు. "నా ఉద్యోగం అమ్మా," అనేవాడు ఆయన. "నా బతుకు నాయనా," అనేది ఈమె. పుస్తకం వెన్ను పాపం పుండు పడింది. చివరికి ప్రెసిడెంటు అత్త కార్డు రద్దు చేయించి, పాఠకులు అరలు మార్చరాదని తలుపు మీద నోటీసు పెట్టించాడు.

ఇంట్లో నాన్న బతిమాలాడు. "అక్కా, చాల్లే. పుస్తకం అచ్చయింది, జనం చదువుతున్నారు. ఏ అరలో ఉంటేనేం?"

"స్టోరు గదిలో బోల్టులు ఏరుతున్నప్పుడు కూడా నాకు ఇదే చెప్పావురా. జీతం వస్తోందిగా, ఏ గదిలో ఉంటేనేం అని."

మర్నాటినుంచి అత్త లోపలికి వెళ్లలేదు, వెనక్కీ తగ్గలేదు. మెట్లెక్కి గుమ్మం బయట నిలబడేది. లోపలికి వెళ్లేవాళ్లందరికీ ఒకటే మాట: "నా పుస్తకం నవలల్లో ఉంటుంది. తీసుకెళ్లండి. నిజమనుకుని చదవండి." కొందరు తప్పుకుని పోయేవాళ్లు. ఒకాయన పుస్తకం తిరిగిచ్చేస్తూ, "ప్రేమకథ ఒక్కటీ లేదేంటండీ?" అన్నాడు. "పైనుంచి చూస్తే అందరి బట్టతలలే కనిపించేవి, ప్రేమ ఎలా పుడుతుంది?" అంది. ఆయన తల తడుముకుంటూ దిగిపోయాడు.

ఇక ఆఖరి ఘట్టం. ఆ రోజు పొద్దున వీధి మొదట్లో కర్రల చప్పుడు వినిపించింది. వచ్చింది కొక్కెం మామే! చంకల్లో కర్రలు, వెనకాల పాత కార్ఖానా జనం, కుట్టుమిషన్ల ఆడవాళ్లు, ఆ వెనక వీధి వీధంతా. ఆ నిటారు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, గుమ్మంలో అత్త ముందు నిలబడి, "నన్ను క్షమించు చెల్లీ!" అని ఘొల్లుమన్నాడు. లోపలికెళ్లి పుస్తకాన్ని పైకెత్తి ఊరందరికీ చూపించి నిజాల అరలో నిలబెట్టాడు. సూపర్‌వైజరు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. చప్పట్లకు కప్పు సున్నం రాలి అందరి జుట్టూ తెల్లబడింది. అత్తను భుజాలమీద మోసుకుంటూ ఇంటిదాకా తెచ్చారు, అందులో ఎత్తయిన భుజం నాది.

ఇదంతా రాశాక అత్తకు చదివి వినిపించాను. చివరిదాకా విని ఇలా అంది:

"ఆయన రాలేదు. ఆ మెట్లు ఆయన ఎక్కలేడు. కూతురు వచ్చింది. నవలనుకుని అంతకుముందే తీసుకెళ్లి వాళ్ల నాన్నకు చదివి వినిపించిందట. 'దీన్ని నిజం పుస్తకాల్లో పెట్టమన్నాడు నాన్న' అని లైబ్రేరియన్‌కి చెప్పి, స్టూలు వేసుకుని తనే పెట్టింది. నేను గుమ్మంలోంచి చూశా. నాతో ఏమీ మాట్లాడలేదు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. లైబ్రేరియన్ మళ్లీ దాన్ని తీయలేదు. జరిగింది అంతే, అంతే రాయి."