ఎడమ డొక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో అందరికీ అట్లాగే ఉంటుందని పెద్దవాళ్లు సర్దిచెబుతారు కానీ, నాది కొంచెం ముదిరిన కేసు. ప్రొద్దుటూరులో ఒక జిరాక్స్ షాపులో కంప్యూటరు ముందు కూర్చోవడం నా ఉద్యోగం. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, పొలం పాసుపుస్తకాలు, హాల్‌టికెట్లు, పెళ్లి సంబంధాలకు పంపే బయోడేటాలు అన్నీ నా చేతుల మీదుగానే పోయేవి. ఇంతమంది కాగితాలు చూసేదాన్ని, మనుషుల్ని చదవడం నాకొక లెక్కా అనుకునేదాన్ని. (కాగితం తిరగేసి పెట్టి ఎన్ని తెల్ల పేజీలు జిరాక్స్ తీశానో మా ఓనరును అడగాలి.) ఇప్పుడు ఆ పిల్ల ఎదురుపడితే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాసేపు నోరు మూసుకోమ్మా అని బతిమాలుకుంటాను.

అప్పుడే ఫోన్లలో నెట్టు చవకైంది. టీవీలో ప్రతి ఆదివారం సాయంత్రం ఒక హత్యల సీరియల్ వచ్చేది. నల్లద్దాలు పెట్టుకున్న డిటెక్టివ్ ఒకాయన వారానికొక నేరస్తుణ్ని పట్టుకునేవాడు. ఆయన ఇంట్లో కూడా ఆ అద్దాలు తీసేవాడు కాదు. ఎపిసోడ్ అయిపోగానే, తర్వాతి వారం కేసులోంచి ఒక చిన్న వీడియో ముక్కను సీరియల్ వాళ్లు తమ వెబ్‌సైటులో పెట్టి ఒక ప్రశ్న అడిగేవాళ్లు. ముగ్గురేసి జట్టుగా చేరి, శుక్రవారం రాత్రి లోపల జవాబు పంపాలి. ఒకసారి పంపాక మార్చుకోవడం కుదరదు. పది వారాల ఆట. అందరికంటే ముందు నిలిచిన జట్టును షూటింగుకు పిలిపించి, ఆఖరి ఎపిసోడ్‌లో టీకొట్టు దగ్గర నిలబడే జనంలో కలుపుతామన్నారు. డిటెక్టివ్ వీపు వెనక నిలబడి ఒక గ్లాసు టీ తాగడం కోసం ఎంతమంది పనులు మానుకున్నారో తెలియదు. నేనైతే మానుకున్నాను.

మా జట్టు పేరు మూడూర్ల ముఠా. ప్రొద్దుటూరు నుంచి నేను, జమ్మలమడుగు నుంచి లెక్కల సారు, పులివెందుల నుంచి టైలరక్క. సీరియల్ కింద కామెంట్లలో పోట్లాడుకుని స్నేహితులమయ్యాం. సారు పురోహితుల ఇంట్లో పుట్టి, ట్యూషన్లు చెప్పుకునే పెద్దమనిషి. ఆయనకు కంటికి కనిపించిందల్లా లెక్కే. మూడో వారం కేసులో ఇన్‌స్పెక్టరు చొక్కా గుండీలను కిటికీ ఊచలతో గుణించి, వచ్చిన అంకెను ఇంటి నంబరనుకుని హంతకుణ్ని చెప్పాడు. మా ఖర్మ కొద్దీ అది సరిపోయింది. ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. అక్కకేమో బట్టలే సాక్ష్యం. జాకెట్టు సరిగ్గా కుదరని ప్రతి ఆడమనిషి మీదా ఆమెకు అనుమానమే. (అంత మంచి చీరకు అట్లాంటి జాకెట్టు వేసుకుందంటే మనసులో ఏదో ఉన్నట్టేనని వాయిస్ మెసేజీలు పెట్టేది.) నేను లీడరును. ఎందుకంటే పాస్‌వర్డు నా దగ్గర ఉండేది.

ఇక మా మామ సంగతి చెప్పాలి. మా అమ్మకు పెద్దన్న. ముద్దనూరు దగ్గర పల్లెలో ఉంటాడు. మాది గొర్రెలు మేపుకునే వంశం. తక్కినవాళ్లంతా సేద్యంలోకి, ఉద్యోగాల్లోకి మళ్లినా మామ మాత్రం మందను వదల్లేదు. మోకాళ్లు అరిగిపోయాయి, ఒకసారి వంకలో జారిపడ్డాడు కూడా. గొర్రెలు అమ్మేసి ఇంటిపట్టున ఉండమని అత్తా, కొడుకూ రోజూ పోరు పెట్టేవాళ్లు. మామ వాళ్లకు ఒకే మాట చెప్పేవాడు. దూరం నుంచి గొర్రెను చూసి, అది మేసిందో పస్తు ఉందో, బాగుందో జబ్బు పడిందో చెప్పగలిగినన్నాళ్లు నన్ను కదిలించొద్దు, అది తెలియని రోజు నా అంతట నేనే అమ్మేస్తాను అని. ఆ మాట వాళ్లింట్లో అన్నం తింటూ నేను ఎన్నిసార్లు విన్నానో. మామ బతుకంతా ఆ ఒక్క షరతు మీద నిలబడి ఉందని నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

తొమ్మిది వారాలు అయ్యేసరికి మా ముఠా రెండో స్థానంలో ఉంది. పదో కేసు కొడితే షూటింగే. ఆ వీడియోలో ఒక కొండ, దాని అవతల హత్య జరిగిన తోట. డిటెక్టివ్ నలుగుర్ని ప్రశ్నిస్తాడు. వంటమనిషి, పోస్టుమాను, తోట కాపలాదారు, ఒక గొర్రెల కాపరి. కాపరి తన మంద మధ్య నిలబడి, పొద్దున్నుంచి ఇక్కడే గొర్రెలు మేపుతున్నానని, ఈ దారిన ఎవరూ పోలేదని చెబుతాడు. నలుగురిలో అబద్ధమాడేదెవరు అన్నది ప్రశ్న. ఆ కాపరి వెనక కూలిన గోడ మీద సున్నంతో రాసిన అంకెలు కొన్ని కనిపిస్తాయి. ఆ అంకెలు చూసి ఆంధ్రదేశంలోని అభిమానులందరికీ పూనకం వచ్చింది. కొందరు పిన్‌కోడు అన్నారు, కొందరు రైలు నంబరు అన్నారు. మా సారు వాటిని వెనక నుంచి చదివి, రెండుతో భాగించి, పోస్టుమాను సైకిలు మీద రాసిన నంబరుకు తెచ్చి కలిపాడు. మధ్యలో ఒక ఒకటి మిగిలిపోతే, అది హంతకుడు ఒంటరి అని సూచన అన్నాడు. నేను ఆ గోడను పెద్దది చేసి ఓనరు చూడకుండా పదకొండు కాగితాల మీద ప్రింటు తీశాను.

ఆ గురువారమే మామ కడుపులో పురుగులు పోవడానికి గొర్రెలకు తాపించే మందు కోసం ప్రొద్దుటూరు వచ్చి, నన్ను చూసిపోదామని షాపుకొచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో మందు సీసాల సంచి. నేను స్టూలు వేసి కూర్చోమని, మళ్లీ నా గోడలో పడిపోయాను. వీడియో తిరుగుతూనే ఉంది. మామ దాన్ని రెండుసార్లు చూశాడు.

"వాడు గొర్లోడు గాదు పాపా," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వాడు నటుడు మామా, నిజం కాపరి ఎందుకవుతాడు అన్నాను.

"అది గాదు. కతలో గూడా వాడు గొర్లోడు గాదు. పొద్దున్నుంచి మేపుతాండా అంటాండాడు గదా, ఆ గొర్రెల ఎడమ డొక్క సూడు. గుంటలు బడి ఉండాయి. పొద్దున్నుంచి మేసిన గొర్రెకు ఈ యాళకు ఎడమ డొక్క నిండి పైకి లేస్తాది. అవి ఇంగా పరగడుపున ఉండాయి. ఇప్పుడే యాడనో దొడ్డిలోంచి తోలుకొచ్చి మద్దెలో నిలబడినాడు."

ఇంకా చెప్పాడు. వాడంత గట్టిగా మాట్లాడుతుంటే ఒక్క గొర్రె కూడా తలెత్తలేదట, చేతిలో కట్టెను గొడుగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడట. నేను సరే సరే అంటూ టీ తెప్పించాను. మామ టీ తాగి, వాడు దొరికితే నాకు చెప్పు అని ఒకటికి రెండుసార్లు చెప్పి బస్సుకు పోయాడు.

ఈ సంగతి గ్రూపులో నవ్వులాటగా పెట్టాను. సారు, డొక్కలో లెక్కేముందమ్మా అని ఒక్క ముక్కలో కొట్టేశాడు. అక్క మాత్రం నవ్వలేదు. గొర్రెలతో బతికిన మనిషి చెప్పినప్పుడు ఒకసారి ఆలోచించాలి కదా అంది. టీవీ వాళ్లకు గొర్రె డొక్క సంగతి ఏం తెలుస్తుందక్కా అన్నాను నేను. పైకి చెప్పిన కారణం అది. లోపలి కారణం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. గొర్రెల దొడ్డి వాసన నుంచి తప్పించుకుని చల్లటి గదిలో తిరిగే కుర్చీ ఎక్కినదాన్ని నేను. ఇంత పెద్ద కంప్యూటరు ఆట, ఇంతమంది చదువుకున్నవాళ్ల బుర్రలు, వీటన్నిటికీ జవాబు మళ్లీ ఆ దొడ్డిలోనే ఉందంటే నాకు మింగుడుపడలేదు. శుక్రవారం పొద్దున పోస్టుమాను అని కొట్టి పంపేశాను.

ఆదివారం సాయంత్రం నల్లద్దాలాయన నేరుగా మంద దగ్గరికి పోయాడు. వంగి, ఒక గొర్రె ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టాడు. పొద్దుటి నుంచి మేసిన గొర్రె కడుపు ఇలా ఉండదండీ అన్నాడు. అచ్చం మా మామ మాటలే, కాస్త కోస్తా యాసలో. గోడ మీది అంకెలు ఎవరో మేస్త్రీ రాసుకున్న కొలతలట. నేను టీవీ ముందు చేతిలో చెక్కిలంతో అట్లాగే ఉండిపోయాను. సారు గ్రూపులో చాలాసేపటికి, డొక్కల్ని పరిగణనలోకి తీసుకోలేదు అని రాశాడు. మేము ఐదో స్థానానికి జారిపోయాం. టీ గ్లాసు అట్లా చేయిజారింది.

అంతటితో అయిపోయి ఉంటే ఇది నవ్వుకునే కథే. సోమవారం మామ ఫోన్ చేశాడు. టీవీలో కేసు వచ్చే సమయానికి ఆయన మందను దొడ్డికి తోలే పనిలో ఉంటాడు, పైగా అప్పుడు వాళ్లింట్లో టీవీ లేదు. పల్లెలో టీ అంగడి దగ్గర అందరికీ, దొంగను నేను పట్టిచ్చినానని చెప్పుకున్నాడట. గొంతులో చిన్నపిల్లవాడి సంబరం.

"ఏం పాపా, వాడు దొరికినాడా?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ చెబితే ఏమవుతుంది? మామ చెప్పినా వినలేదట, పోస్టుమాను అని పంపిందట అని చుట్టాలందరికీ తెలుస్తుంది. పెళ్లిళ్లలో, దినాల్లో నా ముందే చెప్పుకుని నవ్వుతారు. అన్నీ తెలిసిన పిల్ల అనే పేరు పోతుంది. ఆ పేరు నేను తప్ప ఇంకెవరూ పెట్టలేదని అప్పుడు తోచలేదు.

"లేదు మామా. వాడు నిజంగా గొర్లోడేనంట. అబద్దమాడింది పోస్టుమాను," అన్నాను.

ఫోన్లో వెనక గొర్రెల అరుపులు వినబడుతున్నాయి.

"అట్లనా. నాకు డొక్కలు గుంటలు బడినట్టే కానొచ్చినాయే."

"నీడ మామా. వీడియోలో నీడ పడింది," అన్నాను. ఒక అబద్ధానికి అంచు కుట్టడం కూడా నాకు ఎంత సులువుగా వచ్చిందో!

"నీడనేమోలే," అని ఫోను పెట్టేశాడు.

రెండు నెలల తర్వాత ఏదో పని మీద అమ్మ నన్ను మామ వాళ్లింటికి పంపింది. ఇంటి పక్కన దొడ్డి ఖాళీగా ఉంది. చుట్టూ వేసిన ముళ్ల కంప కూడా తీసేశారు. అత్త ఎదురొచ్చి నా చేతులు పట్టుకుని, నీ పుణ్యమా అని ఇన్నాళ్లకు మా మాట విన్నాడు అంది. నాకు చప్పున అర్థం కాలేదు. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, కోపమేమీ లేదు.

"నువ్వు నీడ అన్నావే, ఆ పొద్దు నుంచి ఏ గొర్రెను జూసినా ఇది గుంటనా, నీడనా అని ఒగటే అనుమానం. అనుమానం బడినాంక గొర్లు మేపకూడదు పాపా. నోరు లేని జీవాలు."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా అత్త మజ్జిగ చెంబు తెచ్చి చేతిలో పెట్టింది, తాగేశాను. మంద పోయాక నిజం చెబితే మామకు ఇంకా బాధ అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ బాధ మామది కాదు, నాదేనని బస్సులో ముద్దనూరు దాటకముందే తెలిసింది. దిగి వెనక్కి పోవచ్చు, బస్సులు చాలా ఉన్నాయి. దిగలేదు.

తర్వాత కొడుకు వాళ్లింటికి టీవీ తెచ్చాడు. మామకు హత్యల సీరియళ్లు అలవాటయ్యాయి. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేసి, ఎవరు పాపా అబద్ధమాడేది అని అడిగేవాడు. తను మాత్రం ఎప్పుడూ ఎవరి పేరూ చెప్పేవాడు కాదు. నీకు తెలుస్తాదిలే, నాకేం తెలుస్తాది అనేవాడు. నేను ఎవరో ఒకరి పేరు చెప్పేదాన్ని. ఏళ్ల తరబడి చెప్పాను, సరైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా మామకు నా మీద నమ్మకం తగ్గలేదు, అదే నా శిక్ష.

పోయినేడు ఒక ఆదివారం వేళ తప్పి ఫోన్ వచ్చింది. "ఆ గొర్లోని కత ఏరే ఛానల్లో మల్లా ఏసినారు పాపా," అన్నాడు మామ. "నీడ గాదంట. డొక్క మీద చెయ్యి పెట్టి మరీ చూపిచ్చినాడు ఆ అద్దాలాయప్ప." తర్వాత మెల్లిగా, "ఆ పొద్దు నువ్వు టీవీ సరిగ్గా సూసినట్టు లేదు," అన్నాడు.

నేను అబద్ధమాడి ఉంటానన్న మాట ఆయన నోట రాలేదు. దాటిపోవడానికి నాకొక దారి చూపించి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. నేనేమో ఆ దారినే పోయాను. "అవును మామా, అప్పుడు మధ్యలో కరెంటు పోయింది," అన్నాను. ఏళ్లు పైబడినా నా తెలివి ఎక్కడికీ పోలేదు. పోతే పోనీలే అన్నాడు మామ. పక్కన అత్త, ఇప్పుడెందుకా మాటలు అనడం వినిపించింది.

అప్పటి నుంచి మామ రోజూ సాయంత్రం రోడ్డు దాకా నడిచిపోయి, ఇంటికి మళ్లే ఎవరెవరి మందలనో చూసి వస్తున్నాడట. ఫలానా గొర్రెకు ఈ రోజు మేత చాల్లేదని కాపర్లకు చెబుతాడట, వాళ్లు వింటారట. అత్త చెప్పింది. నేను కూడా జమ్మలమడుగు బస్సుకు మంద అడ్డమొచ్చినప్పుడల్లా కిటికీలోంచి ఎడమ డొక్కలు చూస్తుంటాను. నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మొన్న ఆదివారం ఫోన్లో నేనే ముందు అడిగాను, ఈ వారం ఎవరు మామా అబద్ధమాడేది అని. తనకు తెలిసిపోయిందట, కానీ చెప్పడట, నన్నే కనిపెట్టమన్నాడు. నాకింకా తెలియలేదు మామా అన్నాను.

"తొందరేముంది పాపా, నిదానంగా సెప్పు. ఎడమ డొక్క సూస్తే తెలుస్తాది," అని నవ్వి పెట్టేశాడు.

ఆ వారం కేసు జరిగింది ఒక బ్యాంకులో. అందులో ఎక్కడా గొర్రెలు లేవు.