అవ్వ వేసిన రెండు కుప్పలు

ఆ రోజుల్లో నాకు పరిశోధన అంటే కత్తెర అని గట్టి నమ్మకం. నవ్వకండి. ఎంఏ అయిన మర్నాడే అనంతపురంలో మూడు నెలల ప్రాజెక్టులో సహాయకుడిగా చేరి, మెడలో కొత్త ఐడీ కార్డు వేసుకుని, స్నానానికి తప్ప దాన్ని తీయని వాడికి అంతకంటే పెద్ద నమ్మకాలు ఎక్కడి నుంచి వస్తాయి? మా మేడం నేర్పిన పద్ధతి ఇది. రైతులు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఆ రాతకు జిరాక్సు తీయించి, ఆ జిరాక్సును మాటకొక చీటీగా కత్తిరించాలి. చీటీ మీద ఎవరు చెప్పారో నంబరు వేయాలి. తర్వాత ఒకే రకం మాటలున్న చీటీలను ఒక కుప్పగా పోసి, ఆ కుప్పకొక పేరు పెట్టాలి. దీన్ని కోడింగ్ అంటారు. (మా నాయన మాత్రం ఇది కంప్యూటరు పని అని ఊరంతా చెప్పుకున్నాడు. నేనూ దిద్దలేదు.)

మేం తేల్చాల్సిన విషయం, వాన మీద ఆశ పెట్టుకోలేని నేలలో ఏ పంట వేయాలో ఇంట్లో ఎవరు నిర్ణయిస్తారన్నది. కంబదూరు దగ్గర ఒక పల్లెలో నెల రోజులు తిరిగాను. ఫోన్లో రికార్డు చేస్తానంటే మగవాళ్ళందరూ మైకు ముందు నిలబడినట్టు బిగుసుకుపోయేవారు, అందుకని నోటు పుస్తకంలోనే రాసుకున్నాను. ప్రతి ఇంట్లోనూ ముందు, "మీ పేరు ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చేవాణ్ణి. ప్రతి మగవాడూ మీసం దువ్వి, "ఇంగెవరప్పా, నేనే" అనేవాడు. సోమవారం మేడం వచ్చి నా కుప్పలు చూస్తారు. బాగుంటే ఉద్యోగం ఏడాది పొడిగిస్తారు, లేకపోతే సంచి సర్దుకుని మా ఊరి బస్సు ఎక్కడమే. కంప్యూటరు కొడుకు మూడు నెలలకే ఇంటికి చేరితే మా నాయన నలుగురిలో తలెత్తుకోలేడు.

శనివారం మధ్యాహ్నం జిరాక్సు అంగడికి పోతే కరెంటు లేదు. అరగంట ఆగితే వచ్చేదేమో, నాకు ఆగే ఓపిక లేదు. గదికి వచ్చి అసలు నోటు పుస్తకాన్నే కత్తిరించడం మొదలుపెట్టాను. సగం పుస్తకం చీటీలయ్యాక ఒక చీటీ తిప్పి చూశాను. కాగితం ఆదా చేయాలని నేను రెండు వైపులా రాశాను! ఈ వైపు మాటను చక్కగా కత్తిరిస్తే ఆ వైపు మాట నడుముకు తెగిపడింది. సరే, జరిగిందేదో జరిగిందని మిగతాదీ కత్తిరించేశాను. (ఎందుకు అని అడక్కండి. ఆ వయసులో మొదలుపెట్టిన తప్పును పూర్తి చేయడమే పట్టుదల అనుకునేవాణ్ణి.) ప్రతి కుప్పలోనూ ఇళ్ళ వరస తప్పకుండా పెడతాను కదా, నంబర్లు చివర్లో ఒకేసారి వేద్దామని ముందు కుప్పలు పేర్చాను. మే నెల అనంతపురం ఎండలో, చీటీలు ఎగరకుండా ఫ్యాను ఆపుకుని, బనీను కూడా విప్పేసి, 'ఆత్మవిశ్వాసం', 'సంప్రదాయం', 'స్వతంత్ర నిర్ణయం' అని నేల మీద పన్నెండు కుప్పలు పెట్టాను. తొడలకు అంటుకున్న చీటీలను ఊడబెరుక్కుంటూ చేసిన విశ్లేషణ అది.

అప్పుడు వచ్చాడు నా గదిలోనే ఉండే కండక్టరన్న, డ్యూటీ దిగి. ఆయనకు గుమ్మంలో కాలు పెట్టకముందే స్విచ్చి మీద చెయ్యి పడే అలవాటు. "ఏమప్పా, ఈ ఉడుకులో ఫ్యానేసుకోకుండా ఏం పూజ చేస్తాండావు?" అంటూనే ఐదో నంబరు మీద పెట్టేశాడు. ఆత్మవిశ్వాసం లేచి అల్మారా మీదికి పోయింది. సంప్రదాయం కిటికీలోంచి వీధిలోకి దిగింది. నేను అరిచిన అరుపుకు ఆయన బెదిరిపోయి, "చీటీలే కదప్పా, మా బస్సులో దినామూ ఊడుస్తాండాము" అని ఓదార్చి, పాపం, వీధిలోకి పోయి దొరికినవన్నీ ఏరుకొచ్చి ఇచ్చాడు. ఏ మాట ఎవరిదో ఇక దేవుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకే చీటీల సంచితో ఆ పల్లెకు పోయాను. నా ఉద్దేశం ఊళ్ళో ఒక అవ్వను రహస్యంగా అడగడం. నెల రోజులూ నాకు మజ్జిగ పోసిన మనిషి, చదువు రాదు గానీ ఊరందరి మాటతీరూ తెలుసు. తీరా పోతే అవ్వ పంచలో ఆడవాళ్ళంతా చేరి విత్తనానికి చెనిక్కాయలు (వేరుశనగను అక్కడ అలాగే అంటారు) ఒలుస్తున్నారు. విషయం చెప్పాను. "దానికేముందిలే, సదువు" అంది అవ్వ, చేతిలోని చేట పక్కన పెడుతూ.

మొదటి చీటీ చదివాను. "'బోరు ఎండితే ఎండనీ, మొగోని గుండె ఎండగూడదు.'"

"మీసాలాయన. నోరు ఆయనది, మాట టీవీది," అంది అవ్వ. (దాన్నే నేను ఆత్మవిశ్వాసం కింద పెట్టుకుని మురిసిపోయాను.)

"'కంది వొద్దు, చెనిక్కాయే ఎయ్యాలని నేనే గట్టిగా…' ఇక్కడ తెగిపోయింది అవ్వా."

"నా కొడుకు. మాట మాత్రం వానిది కాదు, మా కోడలిది. నీళ్ళు కాగబెడతా ఆమె చెప్పింది, వాడు తలకు సబ్బు రుద్దుకుంటా ఇన్నాడు, నీకొచ్చి చెప్పినాడు."

పంచలో ఒక్కసారిగా నవ్వులు. అవ్వ నా పన్నెండు కుప్పల జోలికి పోకుండా రెండే వేసింది. నోరూ మాటా ఒకరివే అయినవి ఇటు, నోరు ఒకరిదీ మాట ఇంకొకరిదీ అయినవి అటు. గాలికి లేవకుండా ఒక్కో చీటీ మీద ఒక్కో చెనిక్కాయ పెట్టింది. రెండో కుప్ప పెరిగిపోతుంటే ఆడవాళ్ళు ఒలవడం మానేసి, "ఇది మా ఇంట్లోదే", "ఓయమ్మ, అది నేను మొన్న అన్న మాట!" అని పోటీలు పడ్డారు. నేను ఉత్సాహంగా గొంతు పెంచి చదువుతూ పోయాను. తలెత్తి చూస్తే అవ్వ కొడుకు భుజాన తువ్వాలతో నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, పేరు ఎవురికీ చెప్పనంటివి. ఇప్పుడు ఊరంతా కూసోబెట్టి సదివి ఇనిపిస్తాండావే?"

"నేను పేరు చెప్పలేదన్నా, అవ్వే చెప్పింది," అన్నాను. ఇంతకంటే చేతగాని జవాబు నా జీవితంలో ఇంకొకటి ఇవ్వలేదు. నిన్నటి నుంచీ చీటీలు పోయాయనే భయపడ్డాను గానీ, పోగొట్టుకున్నది ఆయనకిచ్చిన మాట అని అప్పుడు తెలిసింది. నిజంగా సిగ్గేసింది.

సోమవారం మేడం ముందు అన్నీ ఒప్పుకున్నాను, ఫ్యానుతో సహా. ఆమె రెండు కుప్పలనూ తిరగేసి చూశారు. "ఒరిజినల్స్ కత్తిరించావు. నంబర్లు వేయలేదు. ఇచ్చిన మాట తప్పావు. ఇందులో ఒక్క చీటీ కూడా నేను వాడుకోలేను," అన్నారు. నేను ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టబోయాను. "కూర్చో. ఆ పెద్దావిడ వేసిన ప్రశ్న మనం అడగనే లేదు. ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పు. వాళ్ళు ఒప్పుకుంటే భార్యనూ భర్తనూ విడివిడిగా కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచీ అడుగు. దానికి ఏడాది పడుతుంది."

"ఏడాదా మేడం?"

"చెడగొట్టినవాడే బాగుచేయాలి. ఇంకొకరికి జీతమిచ్చి ఎందుకు పెట్టుకోవాలి?"

అలా పొడిగింపు దొరికింది. ఇంటింటికీ పోయి తల వంచుకున్నాను. అవ్వ కొడుకు ముడుచుకున్న ముఖంతోనే, "ఈతూరి మా యామెనే అడుగు పో. నన్నడిగినా అదే చెప్తా," అన్నాడు.

ఇప్పుడు నేనే కాలేజీలో ఈ పాఠం చెబుతున్నాను. పిల్లలు లాప్‌టాపుల్లో రంగురంగుల కోడ్లు వేస్తారు, ఏ చీటీ ఎగరదు. సెమిస్టరుకొకసారి కళ్ళజోడు సవరించుకుని, "ఎవరు చెప్పారని మాత్రమే కాదు, ఆ మాట ఎవరిదని కూడా అడగండి" అని గంభీరంగా అంటాను. పిల్లలు దాన్ని నా పేరుతో రాసుకుంటారు, కిందటేడు ఒకమ్మాయి చార్టు మీద రాసి గోడకు అంటించింది కూడా. అవ్వ ఆ గది గుమ్మంలోకి వస్తే నా చీటీ ఏ కుప్పలో పడుతుందో నాకు బాగా తెలుసు. నిజం చెప్పేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. ఇంతలో ఎవరో ఒకరు "చాలా బాగా చెప్పారు సార్" అంటారు, నేను చిన్నగా నవ్వి ఊరుకుంటాను.