ఏరేటర్లు ఆగని మధ్యాహ్నం

ఊరి బడిలో ఐదో తరగతితో చదువు ఆపేసినా, మా మండలంలో రొయ్యల రైతుల సొసైటీ పెట్టి దానికి అధ్యక్షుణ్ణయినవాణ్ణి నేను. చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లకు కంప్యూటరు కాపలా పెట్టించిందీ నేనే. అయినా మా ఇంట్లో చెప్పుకోదగ్గ మనిషి ఎవరంటే మా తమ్ముడి కూతురు భానుశ్రీ పేరే చెబుతాను. భీమవరంలో చదివి, సొసైటీ ఆఫీసులో ఆ కంప్యూటర్లు చూసుకుంటుంది. కుర్చీలో కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

మొన్న శ్రావణంలో మబ్బు పట్టిన మధ్యాహ్నం. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతోంది. సరిగ్గా అప్పుడే పాత కంప్యూటరు లోపలి ఫ్యాను ఆగింది. భాను పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టింది. ఏరేటర్లను నడిపే వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరులా నడిచే ప్రోగ్రాము, అందులోనే ఉంది. అది ఆగితే రొయ్య దక్కదు. నడుస్తున్నదాన్ని నడుస్తుండగానే కొత్త కంప్యూటరులోకి తరలించాలి.

“ఏంటమ్మా ఆలస్యం?”

“మామూలుగా పంపితే మెమరీ అంతా మధ్యలో నకలు తీస్తుందండి పెదనాన్నగారూ. ఆ బరువుకి ఇది వేడెక్కి చస్తుంది. నకలు లేకుండా ఉన్నచోటు నుంచే నెట్‌వర్క్‌లోకి తోసేస్తున్నాను. జీరో కాపీ అంటారు.”

మొదలైన మరుక్షణమే తరలింపు ఆగిపోయింది. తెర మీద ఎర్ర అక్షరాలు. “ఏమైందమ్మా?” అన్నాను.

“పంపేదాకా ఆ మెమరీని కదలకుండా లాక్ చేసి పట్టుకోవాలండి. ఎంత పట్టుకోవచ్చో దానికో లిమిట్ ఉంది. మరీ చిన్నది.”

“అయితే లిమిటే తీసెయ్యి!”

గదిలో అటూ ఇటూ తిరుగుతూనే అంది: “డీజిలు రూలు ఎవరు పెట్టారండి?”

నేనే పెట్టాను. కరెంటు పోయినప్పుడు సొసైటీ డీజిలు ఎవరి చెరువుకు సరిపడా వాళ్లే పట్టుకెళ్లాలి. లేకపోతే ముందొచ్చినవాడే పీపాలన్నీ తోలుకుపోతాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ రూలును మెచ్చుకున్నాయి.

“ఇదీ అంతేనండి. లిమిట్ తీసేస్తే ఇదొక్కటే మెమరీ అంతా పట్టుకు కూర్చోవచ్చు. మిగతావాటికి చోటుండదు, కంప్యూటరే పడిపోతుంది. అధ్యక్షులవారు కాస్త ఆ ఫ్యాను ఇటు తిప్పుతారా?”

తిప్పాను. ఆ మెషీన్‌కు ఎంత మెమరీ ఉందో అంతకు, పైన కొంచెం కలిపి, దానికొక్కదానికే లిమిట్ పెంచింది. మళ్లీ పంపింది. నేను గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూ చెరువు వైపు చెవి పెట్టాను.

“వెళ్లిపోయిందండి,” అంటూ పాత కంప్యూటరు ఆపేసింది.

నమ్మకం కుదరక గట్టు మీదికి పరుగెత్తాను. ఏరేటర్లు నీళ్లు ఎగజిమ్ముతూనే ఉన్నాయి. వెనకే వచ్చిన భాను ఒక్కసారి చూసి, కొత్త కంప్యూటరు ఎంత వేడెక్కిందోనంటూ మళ్లీ ఆఫీసుకు పరుగు తీసింది.